న్యూయార్క్ గిటారు – పాలకొల్లు మాండలిన్

రాక్ సంగీతమంటే చెవులు మూసుకునే పెద్దలూ, తలుపు వేసుకుని అదే వినే పిల్లలూ మన ఇళ్లలో ఉన్నారు. ఇద్దరికీ ఒక చిన్న చరిత్ర మనవి చేస్తాను.

1967 జూన్ 18న కాలిఫోర్నియాలోని మాంటెరే ఉత్సవంలో మధ్యాహ్నం రవిశంకర్ గారు సితార్ వినిపించారు. రాత్రి అదే వేదికపై జిమి హెండ్రిక్స్ గిటారుకు నిప్పంటించాడు. 1971లో జాన్ మెక్‌లాఫ్లిన్ న్యూయార్క్‌లో ‘మహావిష్ణు ఆర్కెస్ట్రా’ స్థాపించి జాజ్‌నీ రాక్‌నీ కలిపారు. ఆ రోజుల్లోనే ఆయన కనెక్టికట్‌లోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ గారి వద్ద వీణ అభ్యసించారు.

ఆ మెక్‌లాఫ్లిన్ సరసన తరువాత ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయించినవారు, 1969లో మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్. మామూలు మాండలిన్‌పై నాదం నిలవదు, గమకం సరిగా పలకదు. అందుకే ఆయన ఎనిమిది తీగలకు బదులు అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ చేపట్టారు. రాక్ గిటారుకు హోరునిచ్చిన విద్యుత్తే త్యాగరాజ కీర్తనకు గమకాన్నిచ్చింది! 2014లో, 45 ఏళ్లకే, ఆయన కన్నుమూశారు.

ఎలక్ట్రిక్ గిటారు కావాలనే పిల్లవాణ్ణి కసిరేముందు శ్రీనివాస్ గారి రికార్డు ఒకటి వినిపించండి. మా ఇంట్లో నేను అదే చేశాను. ఇప్పుడు ఆ గది తలుపు తెరిచే ఉంటోంది.