గుర్రాలిచ్చిన విడుదల

1899 మార్చి. ప్యారిస్‌ను ఆనుకుని ఉన్న న్యొయీలో, తోట నడుమ ఒక పాత భవంతి. ఒకప్పుడు అది ధనవంతుల విలాసగృహం. అప్పటికి మాత్రం డాక్టర్ సెమెలేన్ నడిపే మానసిక చికిత్సాలయం. అందులో ఒక గదిలో 34 ఏళ్ల మనిషి తలవంచుకుని బొమ్మలు గీస్తున్నాడు. నల్లటి గడ్డం, ముక్కుకు తగిలించుకున్న కళ్లద్దాలు, పెద్ద తల, బలమైన మొండెం, దాని కింద పిల్లవాడి కాళ్లు. ఎదుట గుర్రం లేదు, సర్కస్ రింగు లేదు. అయినా కాగితం మీద గుర్రం అడుగు వేస్తోంది.

ఆన్రీ ద తులూజ్-లోత్రెక్‌కు అప్పటికి మిగిలిన ఆయువు రెండున్నరేళ్లు. మనకది తెలుసు. అందుకే ఆ సర్కస్ బొమ్మల్లో గుర్రం ఎంత ఠీవిగా కాలెత్తినా చూసే మనసు కుదుటపడదు.

బయటపడటానికి గీశాడు వాటిని. జ్ఞాపకం చెదరలేదని, చెయ్యి వశంలోనే ఉందని, బుద్ధి నిలకడగా ఉందని వైద్యులకు చూపించుకోవాలి. నోటితో చెబితే ఎవరు నమ్ముతారు? నాకు పిచ్చి లేదని అనడం ఆ గోడల మధ్య ప్రతివాడూ చేసే పనే. కాగితాలూ రంగులూ చిన్ననాటి మిత్రుడు మోరిస్ జ్వాయాన్ తెచ్చిచ్చాడు. ఏం గీయాలన్నది లోత్రెక్ ఇష్టం. తనకు పేరు తెచ్చిన మూలాన్ రూజ్ నాట్యశాల నర్తకులను గీయవచ్చు, పాటకత్తెలను గీయవచ్చు. వాళ్లెవరినీ పిలవలేదు. గుర్రాన్ని పిలిచాడు.

గుర్రం అతడికి పుట్టింటి చుట్టం. 1864లో ఆల్బీలో అతడు పుట్టిన ఇల్లు పాత జమీందారీ వంశం వాళ్లది. తండ్రి కౌంట్ ఆల్ఫోన్స్‌కు గుర్రాలూ, డేగలూ, వేటా తప్ప లోకంలో మరొకటి పట్టేది కాదు. 1876లో, కొడుక్కి పదకొండేళ్లప్పుడు, డేగలతో వేటాడే విద్య మీద ఒక చిన్న పుస్తకం కానుకగా ఇస్తూ అందులో కొన్ని మాటలు రాశాడు. ఆరుబయట, ఎండలో గడిపే బతుకే బతుకని. స్వేచ్ఛ పోయిన ప్రాణి ఏదైనా చెడిపోయి త్వరగా చచ్చిపోతుందని. ఎప్పుడైనా జీవితం చేదైతే, అన్నిటికన్నా ముందు గుర్రమే నీకు తోడని. తండ్రులు దీవెనలనుకుని రాసేవి కొన్ని ఇలా జోస్యాలై కూర్చుంటాయి.

మూడేళ్లు తిరగకుండానే, 1878 మే నెలలో, ఆ పిల్లవాడు ఇంట్లో పొట్టి కుర్చీలోంచి లేవబోయి పడ్డాడు. ఎడమ తొడ ఎముక విరిగింది. మరుసటి ఏడు బారేజ్ అనే ఊళ్లో తల్లితో కలిసి నడుస్తూ ఎండిన వాగులోకి జారాడు. ఈసారి కుడి తొడ. జీను మీంచి పడ్డా ఆ ఇంట్లో అదొక గౌరవంగా ఉండేది. ఆ భాగ్యం కూడా దక్కలేదు. కాళ్లు ఇక పెరగలేదు. పుట్టుకతో వచ్చిన ఎముకల జబ్బే కారణమై ఉంటుందని తర్వాతి కాలపు వైద్యులు అనుకున్నారు. అతడి తల్లిదండ్రుల తల్లులిద్దరూ తోడబుట్టిన అక్కచెల్లెళ్లు. మన లెక్కలో ఆ దంపతులు అన్నాచెల్లెళ్ల వరస.

గుర్రమెక్కలేని కొడుకుతో ఏం మాట్లాడాలో ఆ తండ్రికి తెలియలేదు. మాట్లాడిన వాడు పుట్టు చెవిటివాడైన ఒక చిత్రకారుడు. రెనె ప్రాంసెతో అని, కౌంటు స్నేహితుడే. గుర్రపు బొమ్మలకు పెట్టింది పేరు. మంచాన పడి విసిగిన కుర్రవాడికి ఎక్కలేని గుర్రాన్ని గీతలో పట్టుకోవడం నేర్పాడు. ఊరికే నేర్పి ఊరుకోలేదు, మోంమార్త్ర్‌లోని ఫెర్నాండో సర్కస్‌కు వెంట తీసుకెళ్లాడు. చిత్రకారులు దెగా, రెన్వార్ అంతకుముందే ఆ సర్కస్‌లో కూర్చున్నారు. దెగా పళ్లతో తాడు పట్టి పైకి లేచే గారడీ మనిషిని గీశాడు, రెన్వార్ నారింజపళ్లు పట్టుకున్న ఇద్దరు చిన్నపిల్లలను గీశాడు. గుర్రాన్ని లోత్రెక్ కోసం వదిలేశారేమో అనిపిస్తుంది. 1888 నాటికి పూర్తయిన అతడి మొదటి పెద్ద సర్కస్ చిత్రంలో తెల్లగుర్రం మనవైపు పిరుదులు తిప్పి పరుగెడుతుంది. దాని వీపు మీద రౌతు పిల్ల, ఎదుట కొరడా పట్టిన రింగ్‌మాస్టర్, వెనక బెంచీల మీద టోపీల దొరలు. మరుసటి ఏడు మూలాన్ రూజ్ తెరిచినప్పుడు దాన్ని గుమ్మం దగ్గరే తగిలించారు.

ఆ తర్వాతి పదేళ్ల సంగతి అందరూ ఎరిగినదే. పోస్టర్లు, కీర్తి, రాత్రిళ్లు, అబ్సింత్ మద్యం. నవ్వించే పొట్టి దొరగా ఉండటం అతడు నేర్చుకున్నాడు. అలా ఉండటానికి ఎంత తాగవలసి వచ్చిందో లోకం లెక్కపెట్టలేదు.

నాకు 1899 జనవరి దగ్గర మాత్రం కాలు కదలదు. అతడి కోసమే ప్యారిస్‌లో కాపురముంటున్న తల్లి అదెల్ ఉన్నట్టుండి ఆల్బీకి వెళ్లిపోయింది. ఆమెను తప్పుపట్టలేను. కొడుకు కళ్లెదుట కరిగిపోతుంటే ఎన్నేళ్లని చూస్తుంది? అయినా ఆ ఒక్క శీతకాలం ఆగి ఉంటే అనిపించక మానదు. ఆమె వెళ్లాక ఇంటిని కనిపెట్టుకుని ఉన్న పనిమనిషి బెర్త్ ఆల్బీకి వరసగా ఉత్తరాలు రాసింది. అయ్యగారు తాగుతున్నారు, డబ్బు తగలేస్తున్నారు, లేనిపోని భయాలతో రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. ఎన్ని ఉత్తరాలు వెళ్లినా తల్లి వెంటనే తిరిగి రాలేదు. ఫిబ్రవరి ఆఖరుకల్లా న్యొయీ గేటు అతడి వెనక మూసుకుంది. పత్రికల్లో కొందరు ఎగతాళి చేశారు. ఆర్సేన్ అలెగ్జాండ్ర్ అనే విమర్శకుడు మాత్రం స్వయంగా వెళ్లి చూసి, ఈ మనిషికి మతి పోలేదని మార్చి 30న ఫిగారో పత్రికలో రాశాడు.

అప్పటికి బొమ్మలు మొదలయ్యాయి. నల్ల సుద్ద, రంగు పెన్సిళ్లు. మొత్తం 39. ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న ఒకదాంట్లో గుర్రం స్పానిష్ నడక నడుస్తుంది. అంటే ముందుకాలు బిగించి, నేలకు సమంగా చాచి, ఒక క్షణం గాలిలో నిలిపి దించడం. ఓపికగా తర్ఫీదిస్తే గానీ ఏ గుర్రానికీ అబ్బని విద్య. రౌతు కొద్దీ గుర్రం అంటారు మన పెద్దవాళ్లు. ఈ బొమ్మల్లో ఆ లెక్క తారుమారైంది. గుర్రాలు ఏనుగుల్లా బరువెక్కి ఉంటాయి, వాటి మీది రౌతులు చిన్నబోయి ఉంటారు. మరో బొమ్మలో గుర్రం వెనక కాళ్ల మీద లేస్తుంది. ఇంకోదాంట్లో పొట్టి గుర్రమూ కోతీ కలిసి ఆట కడతాయి. మెడ కండరం మీద గీత గీతకూ ఆనుకుని ఓపికగా పడింది, పరీక్ష రాసే పిల్లవాడి దస్తూరీలా.

ఆ పైన ఖాళీ బెంచీలు. పదకొండేళ్ల కిందటి చిత్రంలో జనముండేవారు. ఇప్పుడు వరస వెనక వరస, ఎవరూ లేరు. నేల ఒరిగినట్టుంటుంది, నీడలు చిక్కగా పడతాయి. ఆ వంకర దృశ్యాల్లో కొందరు జబ్బును చూశారు. నాకలా తోచదు. చూసేవాళ్లందరినీ బయటికి పంపి, తనకూ గుర్రానికీ మధ్య ఎవరూ లేకుండా చేసుకున్నాడని తోస్తుంది. చప్పట్లు లేకపోయినా ఆ గుర్రం నడక తప్పలేదు.

మే 17న విడిచిపెట్టారు. బొమ్మలు పెట్టి స్వేచ్ఛ కొనుక్కున్నానని మిత్రులతో అనేవాడట.

అంతటితో కథ మలుపు తిరగవలసింది. తిరుగుతున్నట్టే కనిపించింది కూడా. దూరపు బంధువు పోల్ వియోను తోడుగా, నిజానికి కాపలాగా పెట్టారు. ఆ వేసవిలో ల హావ్ర్ రేవులో ఒక మద్యశాలలోని ఇంగ్లిష్ పిల్ల నవ్వును గీశాడు. ఎంత తేటగా ఉంటుందో ఆ ముఖం! అంత తేటదనం చూపిన చెయ్యే మళ్లీ గ్లాసు ఎత్తింది. బోలు చేతికర్ర లోపల మందు దాచుకునేవాడంటారు. నడవడానికి ఆసరా అయిన కర్రే! కాపలావాడు మనిషిని కాచాడు, కర్రను కాయలేకపోయాడు.

1901 వసంతంలో కాళ్లు పడిపోయాయి, ఆ కాళ్లు కూడా. ప్యారిస్ వచ్చి తన బొమ్మలన్నీ సర్ది, సంతకాలు లేనివాటికి సంతకాలు పెట్టాడు. ఆగస్టులో పక్షవాతం తిరగబెడితే తల్లి అతడిని మాల్రోమె కోటకు తెచ్చుకుంది. ఈసారి వదిలి వెళ్లలేదు. సెప్టెంబర్ 9న, ఆమె దగ్గరే, 37 నిండకుండా పోయాడు.

జ్వాయాన్ ఆ సర్కస్ బొమ్మల్లో 22టిని 1905లో ఆల్బమ్‌గా వేశాడు. కొడుకు బొమ్మల విలువ ఎన్నడూ ఒప్పుకోని తండ్రి వాటి మీది హక్కులన్నీ జ్వాయాన్‌కే వదిలేశాడు. అలాగని ఆయనకు ప్రేమ లేదనడానికి నా నోరు రాదు. అంత్యక్రియల నాడు శవపేటిక బండి మరీ మెల్లగా పోతోందని ఆయనే తోలేవాడి పక్కకెక్కి పగ్గాలు లాక్కున్నాడని అతడి జీవిత చరిత్రకారులు చెబుతారు. గుర్రాన్ని అదిలించి ఎంత వేగంగా తోలాడంటే, వెనక నడిచే బంధువులంతా నల్లబట్టల్లోనే పరుగెత్తవలసి వచ్చిందట.