చెరసాల నిర్మాణము – ఏకాంతము నుండి ఇంటివరకు

1844 సంవత్సరాంతమున ‘సర్ జార్జి సేమర్’ అను ఓడ ఖైదీలతో ఇంగ్లండు నుండి ఆస్ట్రేలియాకు బయలుదేరెను. వారిలో పలువురు లండనులోని పెంటన్‌విల్ జైలులో నెలల తరబడి ఒంటరిగా గడిపినవారు. ఓడలోని గుంపులో పడినంతనే వారిలో కొందరికి మూర్ఛలు రాసాగెను. నిశ్శబ్దమునకు అలవడినవారు ఆ సందడిని తట్టుకొనలేకపోయిరని ఓడవైద్యుడు గ్రహించెను.

వారిని ఈ స్థితికి తెచ్చినది ఒక కట్టడము. పెంటన్‌విల్ 1842లో తెరువబడెను. మధ్య ఒక హాలు, దాని నుండి బండిచక్రపు ఆకులవలె సాగిన వరుసలు, వాటిలో 520 గదులు. ఒక్కొక్క గది పొడవు 13 అడుగులు, వెడల్పు 7 అడుగులు, ఎత్తు 9 అడుగులు. ప్రార్థనకు కూర్చున్నపుడు సైతము ప్రక్కవాడు కనబడకుండ అరలు కట్టిరి. గది దాటి నడచునపుడు ముఖమునకు ముసుగు. గాలి, వెచ్చదనము మాత్రము ఎంతో శ్రద్ధతో అమర్చిరి.

దీనిని కట్టినవారు క్రూరులని తలపరాదు. అంతకు పూర్వపు జైళ్ళలో పిల్లలు, హంతకులు, అప్పు తీర్చలేనివారు ఒకేచోట కుక్కబడి జ్వరములతో చచ్చుచుండిరి. ఒంటరిగా నుంచినచో దుస్సాంగత్యము తప్పి పశ్చాత్తాపము కలుగునని సంస్కర్తలు నమ్మిరి. ఫిలడెల్ఫియాలో జాన్ హావిలండ్ రూపొందించగా 1829లో తెరువబడిన జైలు ఈ నమ్మకము పైననే లేచినది. ప్రతి గదికి కప్పులో ఆకాశము కనబడు కిటికీ, వెనుక చిన్న పెరడు, నీటితో శుభ్రపడు మరుగుదొడ్డి! లోటు మనుష్యులకే. 1842లో దానిని చూచిన నవలాకారుడు డికెన్సు ఆ పద్ధతిని తీవ్రముగా ఖండించెను.

పెంటన్‌విల్‌లో ఏకాంతవాసపు గడువును 18 నెలల నుండి 12కు, పిమ్మట 9కి తగ్గించిరి. నమూనా మాత్రము దేశదేశములకు ప్రాకెను. 1906లో పూర్తియైన పోర్టుబ్లెయిరులోని సెల్యులార్ జైలునకు 7 రెక్కలు, 693 గదులు. అక్కడ పశ్చాత్తాపమను మాటను గూడ వదలిపెట్టిరి.

స్వతంత్ర భారతములో వేరొక దారి తెరచుకొన్నది. 1952లో వారణాసి ప్రాంతమున చంద్రప్రభ నదిపై ఆనకట్ట పనికి ఖైదీలను తెచ్చి, గోడలు లేని శిబిరములో నుంచిరి. దీనికి ప్రోత్సాహమిచ్చిన సంపూర్ణానంద్ తరువాత రాజస్థాన్ గవర్నరైరి. ఆయన కాలముననే, 1963లో, జయపురము చెంత సాంగనేరులో ఆయన పేరిట బహిరంగ శిబిరము వెలసెను. ఆంధ్రదేశమున అనంతపురము వద్ద 1965లో ఖైదీల వ్యవసాయ క్షేత్రము ఏర్పడినది.

నార్వేలోని హాల్డెన్ జైలు 2010లో తెరువబడెను. చుట్టును ఎత్తైన గోడ కలదు. ఐనను కిటికీలకు కడ్డీలు లేవు. పదిపన్నెండుగురకు ఒక వంటగది, లోపల చెట్లు. విడుదలయైన పిమ్మట ఇరుగుపొరుగుతో మెలగుట ఆ వంటగదిలోనే అలవడవలెనని ఉద్దేశము. కాని అట్టి కట్టడమునకు ధనము విస్తారముగా కావలెను.

సాంగనేరుకు అంత ఖర్చు లేదు. మూసిన జైలులో కొంత శిక్ష అనుభవించి, సత్ప్రవర్తన చూపినవారినే అక్కడికి పంపుదురు. ఇళ్ళను చాలవరకు ఖైదీలే కట్టుకొనిరి. భార్యాబిడ్డలు వెంటనే ఉందురు. పగలు ఊరిలో కూలికో, వ్యాపారమునకో పోయి, తిండి ఖర్చు తామే సంపాదించుకొందురు. సాయంకాలపు హాజరు వేళకు తిరిగి వత్తురు.