ఒరలేని గొడ్డలి

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని తెలుగువారి సామెత. హిందీవారు కూడ మ్యాన్, తల్వార్ అన్న మాటలతో ఇదే సామెత చెప్పుకొంటారు. మ్యాన్ పారశీకమునుండి వచ్చిన పదము. సంస్కృతములో ఒరకు కోశమని పేరు. రాజుగారి బొక్కసము కోశమే, పండితుని నిఘంటువు కోశమే. వేదాంతులు ఆత్మను ఆవరించినవిగా చెప్పే అన్నమయాదులు కూడ కోశములే. ఇంత గౌరవము పొందిన వస్తువు పుట్టినది మాత్రము బహు సామాన్యమైన అవసరమునుండి. పదునైన ఇనుము మోసేవాని ఒంటికి తగులరాదు. ఆ పదును చెడరాదు. ఈ అవసరము సైనికునికి అప్పుడప్పుడు కలిగేది, కట్టెలు కొట్టేవానికి ప్రతిదినము ఉండేది. అయినను గొడ్డలి ఒరకు వాడుకలో ప్రత్యేకమైన పేరు స్థిరపడలేదు. తొడుగు అంటాము, గవిసెన అంటాము; హిందీలో ఖోల్ అంటారు. దిండుకైనా వీణకైనా చెల్లే మాటలివి.

క్రీస్తు శకము 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో ఖడ్గ లక్షణములకై ఒక అధ్యాయమే కేటాయించినాడు. నిష్కారణముగా కత్తిని ఒరనుండి తీయరాదట. అందులో ముఖము చూచుకొనరాదట. దాని వెల చెప్పరాదట. కత్తి తనంతట తాను ఒర వీడితే యుద్ధము, లాగినా వెలికి రాకుంటే పరాజయము అని శకునము కూడ చెప్పినాడు. ఈ చివరి మాటను మూఢవిశ్వాసమని కొట్టివేయుటకు నాకు మనసొప్పదు. వర్షాకాలములో కర్ర ఉబ్బుతుంది, అలుగు తుప్పు పడుతుంది, కత్తి ఒరకు అతుక్కొంటుంది. అట్టి కత్తిని నమ్ముకొన్నవాడు ఓడక ఏమి చేస్తాడు?

రాజుల ఒరలు చేసే పద్ధతి తెలిసినదే. పలుచని కర్ర బద్దలు రెంటిని లోపల తొలిచి, అతికించి, పైన తోలో మఖమలో తొడిగేవారు. మూతివద్ద బిగించే లోహపు అమరికను ముహ్‌నాల్ అని, కొనవద్ద దానిని తహ్‌నాల్ అని హిందీలో అంటారు. తోలును పైననే ఉంచి, అలుగును కర్రకు అప్పగించుటలో అర్థమున్నది. తంగేడు చెక్కవంటి వాటితో పదును చేసిన తోలులో వగరు పదార్థము ఉంటుంది. చెమ్మ తగిలినప్పుడు అది ఇనుముతో కలిసి నల్లని మరక చేస్తుంది. తోలు పీల్చిన నీరు ఇనుమును తుప్పు పట్టిస్తుంది. కనుకనే తోలు ఒరను ప్రయాణమునకు వాడి, ఇల్లు చేరగానే కత్తిని వెలికి తీసి, తుడిచి, నూనె రాయటము మంచిది.

నేపాళ దేశపు ఖుకురీకి ఉన్న ఒరను దాప్ అంటారు. ఇదియు లోపల కర్ర, పైన తోలు. దాని వెనుక భాగములో కర్దా, చక్‌మక్ అన్న రెండు చిన్న పనిముట్లు ఇముడుతవి. ఖుకురీని లాగేటప్పుడు పదును వైపున వ్రేళ్ళు ఉంచరాదని పెద్దలు మొదటనే నేర్పుతారు. అతుకు విడితే అలుగు ఒరను చీల్చుకొని వస్తుంది. అలుగు చేసేవారు కామీలు, ఒర కుట్టేవారు సార్కీలు. గూర్ఖా సైనికుని నడుమున వ్రేలాడి లోకమంతా పేరు పొందిన ఆయుధము ఈ ఇద్దరి చేతి పని. 1854 నాటి ములుకీ ఐన్ అన్న నేపాళ ధర్మశాసనము ఈ ఇద్దరినీ అంటరానివారిగా లెక్కించినది. 1963లో వచ్చిన కొత్త ఐన్‌తో ఆ వ్యవస్థకు చట్టబలము పోయినది. మన గ్రామములలో తోలుపనివారు అనుభవించినదియు ఇంతకు భిన్నము కాదు. కబీరు పేర ప్రసిద్ధమైన ఒక దోహాలో కులము ఒరకు, జ్ఞానము కత్తికి ఉపమానములు. వెల కట్టవలసినది కత్తికే, ఒరకు కాదని దాని భావము. ఉపమానము గొప్పదే. కాని ఆ ఒరను కుట్టిన మనిషికి కులమును బట్టి వెల కట్టిన లోకములోనే అది వెలసినది.

ఒర ఖడ్గానికే చెందిన భూషణము కాదని తెలిసికొనుటకు నాగా కొండలకు పోవలెను. దావ్ అన్న పనిముట్టుతోనే వారు అడవి కొడతారు, వెదురు చీలుస్తారు. దాని ఒరకు ఒక ముఖము ఉండదు. ఒక కర్ర దిమ్మెను ఒకవైపు తొలిచి, అలుగు జారిపోకుండ అడ్డముగా బెత్తపు పట్టీలు కట్టి, నడుము వెనుక ధరిస్తారు. వానలో తడిసినా నీరు నిలువదు, గాలి తగిలి అలుగు ఆరిపోతుంది. మఖమలు ఒరలో లేని ఈ తెలివి నన్ను ఎక్కువగా ఆకర్షిస్తుంది. కొడగువారి ఒడికత్తికి ఒరయే లేదు. నడుము వెనుక తొడంగ్ అన్న ఇత్తడి కొండిలో దానిని దోపుకొంటారు.

1878 నాటి ఆయుధ చట్టము తరువాత దేశములో ఖడ్గధారణ సన్నగిల్లినది. 1959 నాటి చట్టము ఇంటి పనికి, సేద్యానికి ఉద్దేశించిన పనిముట్లను ఆయుధములుగా ఎంచలేదు. గొడ్డలి భుజముమీదనే ఉండిపోయినది. కొడవలికి ఇంటి చూరే ఒర. గొడ్డలికి మాత్రము చేతికి దొరికినదే ఒర: పాత చెప్పు అట్ట, చిరిగిన కాన్వాసు, సైకిలు ట్యూబు, మోటారు టైరు ముక్క.

ఇట్టి తొడుగు చేయుట సులభమే కాని ఒక మెలకువ ఉన్నది. రెండు ముక్కలను వట్టిగా కలిపి కుడితే పదును కుట్టును కోసివేస్తుంది. వాటి నడుమ, పదును ఆనే అంచు పొడుగున, మరొక మందపాటి బద్దను పెట్టి మూడింటిని కలిపి కుట్టవలెను. అప్పుడు పదును బద్దకు ఆని నిలుస్తుంది, కుట్టు దానికి వెలుపల ఉంటుంది. ట్యూబునుండి కోసిన పట్టీని గొడ్డలి తలను చుట్టి బిగిస్తే తొడుగు ఊడదు. గోనెపట్ట వాడరాదు, నీటిని పట్టి ఉంచుతుంది. రబ్బరు నీటిని పీల్చదు కాని లోపలికి చేరిన చెమ్మను బయటికి పోనీయదు. కనుక గొడ్డలిని తుడిచి, ఆముదము రాసి తొడగవలెను. ఈ కాలములో ప్లాస్టిక్ గొట్టమును మరిగే నీటిలో మెత్తబరచి, అణచి తొడుగు చేసేవారు కూడ ఉన్నారు. మంటపై కాల్చితే దానినుండి విషవాయువు వెలువడుతుంది, నీరే మేలు.

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియములో జహంగీరు బాకు, నూర్జహాను పండ్ల కత్తి చూడవచ్చును. తవ్వకాలలో మనకు దొరికే ప్రాచీనులు వేరు. నాగపురము దాపున మహుర్‌ఝరీలో బృహచ్ఛిలా సమాధులనుండి ఇనుప గొడ్డళ్లు బయటపడినవి. వాటిని పిడికి బిగించిన ఇనుప పట్టీలు కూడ దొరికినవి. కర్ర, తోలు, నార మట్టిలో కలిసిపోయే పదార్థములు. టైరు తొడుగుకు ఆ భయము లేదు గాని, దానిని దాచుకొనేవారు అరుదు. అది చిరిగిననాడు పారవేసి మరొక ముక్క కోస్తారు.