జీవితార్థ చింతన: యానాం, గోదావరి తీరం

బతుకు ఎందుకు, ఎలా బతికితే సార్థకం అన్న విచారణ తెలుగు నేల మీద వేమన కన్నా పాతది. యానాం నుంచి కాకినాడ దాకా ఉన్న సుమారు 30 కిలోమీటర్ల తీరంలో మాత్రం గత నూటపాతికేళ్లలో అది తనదైన దారి పట్టింది. ఇక్కడ ఆ ప్రశ్న మఠాల్లో కంటే బడుల్లోనూ పుస్తకాల్లోనూ ఎక్కువగా నలిగింది. అడిగేవారు మారినప్పుడల్లా జవాబూ మారింది.

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) కడియంలో పుట్టి, చిన్నతనంలోనే కుటుంబంతో అప్పటి ఫ్రెంచి యానాం చేరారు. పద్యం అక్కడే పట్టుబడింది. కుర్రతనంలో చెప్పిన వేంకటేశ్వర శతకంలో పండితులు వ్యాకరణ దోషాలు పట్టడంతో, శాస్త్రం చదివి తీరాలన్న పంతం పుట్టింది. ఆ పంతమే ఆయన్ని కాశీ దారి పట్టించింది. లోకం మోక్షం కోసం వెళ్లే ఊరికి ఆయన వ్యాకరణం కోసం వెళ్లారు! తర్వాత దివాకర్ల తిరుపతిశాస్త్రితో కలిసి తిరుపతి వేంకట కవులుగా అవధానాలు చేశారు, ఎడ్విన్ ఆర్నాల్డ్ కావ్యం ఆధారంగా బుద్ధచరిత్ర రాశారు. 1920లో తిరుపతిశాస్త్రి కన్నుమూశారు. ఆ తర్వాత సొంతంగా రాసినవాటికీ వేంకటశాస్త్రి జంట పేరే పెట్టుకున్నారు. స్నేహం ఆయన జీవితానికి ఏ అర్థమిచ్చిందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఆయన ‘కథలు–గాథలు’లో వేదాంత చర్చ కోసం వెతకనక్కర్లేదు. గురువులు, ప్రయాణాలు, వాదవివాదాలు, అన్నం పెట్టినవారు: అందరినీ, అన్నిటినీ తలచుకోవడమే అక్కడ చింతన.

కాకినాడలో జవాబు వేరు. 1904 నుంచి 1919 దాకా పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వేంకటరత్నం నాయుడు బ్రహ్మసమాజ మతస్థులు. జీవితం సార్థకమయ్యేది శీలం వల్ల, సేవ వల్ల అని ఆయన నమ్మకం. అనాథలను, దళిత విద్యార్థులను చేరదీశారు. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి ఆయన ప్రభావంలో ఎదిగారు.

ఆ కళాశాలలోనే చదివిన రచయిత చలం (1894–1979) మొదట బ్రహ్మసమాజం వైపు నడిచి, దాన్నీ దాటి స్వేచ్ఛలో అర్థం వెతికారు. ‘మ్యూజింగ్స్’ ఆ వెతుకులాటకు పుస్తకరూపం. 1950లో అరుణాచలం చేరి, చివరిదాకా అక్కడే ఉన్నారు.

ఈ వరుసలో ఇంతవరకూ చెప్పుకున్నవారందరూ చదువుకునే అవకాశం ముందే దక్కిన ఇళ్లవారు. యానాంలోనే పుట్టిన కవి శిఖామణి దళిత జీవితం వైపు నుంచి మాట్లాడారు. ‘మువ్వల చేతికర్ర’ (1987) తర్వాత వచ్చిన ‘కిర్రు చెప్పుల భాష’ పేరులోనే శ్రమ చప్పుడు వినిపిస్తుంది. మనిషిగా గుర్తింపే దక్కనివారికి జీవితార్థం ఆత్మగౌరవంతోనే మొదలవుతుంది. యానాం ఆలోచనా చరిత్రలో ‘కథలు–గాథలు’కు ఎంత చోటుందో ఈ కవిత్వానికీ అంత చోటుంది, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.