పూచీకత్తు ఎవరిస్తారు?

మన కథల్లో పిచ్చివాడు వీధిలో కనబడతాడు, లేకపోతే ఆసుపత్రి గోడల వెనక కనబడతాడు. నయమై తిరిగి వచ్చినవాణ్ణి, అందులోనూ తలమీద ఒక నేరం ఉన్నవాణ్ణి ఊరు ఎలా తీసుకుంటుందన్న ప్రశ్న, నేను చదివినంతలో, మన విమర్శకులను పెద్దగా బాధించలేదు. చట్టాన్ని మాత్రం రెండు శతాబ్దాలుగా బాధిస్తూనే ఉంది.

1800లో లండన్‌లోని డ్రూరీ లేన్ నాటకశాలలో జేమ్స్ హాడ్‌ఫీల్డ్ మూడవ జార్జి రాజుపై పిస్తోలు పేల్చాడు. మతిస్థిమితం లేదు గనుక నిర్దోషి అంది జ్యూరీ. నిర్దోషిని వదిలిపెట్టాలి, వదలడానికి ప్రభుత్వానికి భయం. వెంటనే పార్లమెంటు చట్టం చేసి, ఇటువంటివారిని రాజుగారి చిత్తం ఉన్నంతకాలం నిర్బంధించవచ్చునంది. హాడ్‌ఫీల్డ్ 1841లో నిర్బంధంలోనే చనిపోయాడు.

ఈ భయం వలస పాలనతో మన దేశానికీ వచ్చింది. దానితోపాటు ఒక వెసులుబాటూ వచ్చింది: రోగి తనకుగాని ఇతరులకుగాని హాని చేయకుండా చూసుకుంటానని బంధువో స్నేహితుడో పూచీకత్తు ఇస్తే అతన్ని అప్పగించవచ్చు. 1973 నేర విచారణ స్మృతిలో ఈ ఏర్పాటు ఉంది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉంది. పైకి మానవీయంగానే కనబడుతుంది. మరి పూచీ పడగల చుట్టం లేనివాడి మాటేమిటి?

అస్సాంకు చెందిన మచాంగ్ లాలుంగ్ 1951లో అరెస్టయ్యాడు. తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రికి పంపారు. 1967లో వైద్యులు అతను బాగున్నాడన్నారు. అప్పుడైనా ఇంటికి పంపారా? జైలుకు పంపారు. విచారణ జరగనే లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ జోక్యంతో 2005లో బయటపడేనాటికి యాభైనాలుగేళ్ళు గడిచిపోయాయి. విడుదలకు అతను రాసిచ్చిన సొంత పూచీకత్తు ఎంత? ఒక్క రూపాయి! లాలుంగ్ ఒక్కడే అనుకోవడానికీ లేదు. 1982లో వీణా సేథీ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన హజారీబాగ్ జైలు ఖైదీలదీ ఇదే గతి.

ప్రమాదం వట్టి కల్పన అని నేననను. ఇంగ్లండులో విషప్రయోగాలు చేసి బ్రాడ్‌మూర్‌కు వెళ్ళిన గ్రేహమ్ యంగ్‌ను 1971లో విడుదల చేస్తే, ఆ ఏడే ఇద్దరు తోటి ఉద్యోగులను విషంతో చంపాడు. వైద్యుల అంచనా తప్పింది, సరే; పనిచ్చిన యజమానికి అతని పూర్వచరిత్ర ఎవరూ చెప్పకపోవడం మాటేమిటి? అయితే న్యూయార్కు అనుభవం కూడా పక్కన పెట్టుకుని చూడాలి. 1966లో బాక్‌స్ట్రమ్ కేసు తీర్పుతో, ప్రమాదకరులని ముద్రపడ్డ సుమారు వెయ్యిమంది జైళ్ళశాఖ ఆసుపత్రుల నుంచి మామూలు ఆసుపత్రులకు మారారు. వారిలో అనేకులు తర్వాత ఇళ్ళకూ చేరారు. నాలుగేళ్ళలో భద్రతా ఆసుపత్రికి తిరిగి పంపవలసి వచ్చినవారు నూటికి ముగ్గురు కూడా లేరు.

ఉండడానికి చోటు, తప్పకుండా మందు, వారం వారం పలకరించే మనిషి, జబ్బు తిరగబెడితే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయే ఏర్పాటు: ప్రమాదాన్ని అదుపులో ఉంచేవి ఇవి. పూచీకత్తు కాగితం వీటిలో ఒక్కటీ ఇవ్వదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం హాఫ్‌వే హోములు ప్రభుత్వమే ఏర్పాటు చేయాలంది, మంచిదే. అదే చట్టంలో ఇంకో వాక్యముంది. సాహిత్య విద్యార్థులు నిదానంగా చదవదగ్గది. జైలులో మానసిక రోగులెవరూ లేరని ధ్రువీకరిస్తూ జైలు వైద్యాధికారి మూడు నెలలకోసారి నివేదిక పంపాలట. ఉన్నారో లేరో చూసి చెప్పమనడం లేదు, లేరని చెప్పమంటోంది.