గుయియు: పాత కంప్యూటర్లు చేరిన ఊరు

చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో, లియాన్‌జియాంగ్ నది ఒడ్డున ఉన్న గుయియు పల్లపు ప్రాంతం కావడంతో తరచూ వరద ముంపునకు గురయ్యేది. సేద్యాన్నే నమ్ముకోలేని అక్కడి రైతులు చాలాకాలం కిందటే బాతు ఈకలు, పాత లోహపు తుక్కు సేకరించి అమ్మే వ్యాపారానికి అలవాటుపడ్డారు. 1990ల నాటికి ఆ వ్యాపారమే సంపన్న దేశాలు వదిలించుకున్న పాత కంప్యూటర్లను, అంటే ఈ-వ్యర్థాలను, ఆ ఊరికి రప్పించింది.

బొగ్గుల కుంపటిపై సర్క్యూట్ బోర్డును వేడిచేసి, సీసం, తగరం కలిసిన టంకం కరగగానే చిప్‌లను పట్టకారుతో ఊడదీసేవారు. ఆపైన వాటిని గాఢ ఆమ్లాలలో నానబెట్టి, రవ్వంత బంగారం రాబట్టుకుని, మిగిలిన ఆమ్లాన్ని నది ఒడ్డునే పారబోసేవారు. చివరికి తాగునీటిని సైతం బయటినుంచి తెచ్చుకోవలసి వచ్చింది.

ప్రమాదకర వ్యర్థాలను దేశాల సరిహద్దులు దాటించడాన్ని నియంత్రించే బాసెల్ ఒప్పందం 1992లోనే అమలులోకి వచ్చినా, దానిపై సంతకం చేసిన అమెరికా నేటికీ దానిని ధ్రువీకరించకపోవడం క్షమించరాని బాధ్యతారాహిత్యం. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో, గుయియులో పరీక్షించిన 165 మంది పిల్లల్లో 135 మంది రక్తంలో సీసం డెసిలీటరుకు 10 మైక్రోగ్రాముల హద్దును దాటినట్లు తేలింది.

2015లో ఈ-వ్యర్థాలను విడదీసే పనిని ఇళ్లనుంచి పారిశ్రామికవాడకు తరలించారు. అయితే సీసం మూలకం కనుక, అప్పటికే మట్టిలో చేరినది కాలక్రమంలో విచ్ఛిన్నం కాదు.