ఎలక్ట్రానిక్ సముద్ర చార్టులు: ప్రచురణ సంస్థల విలీనాల చరిత్ర

నీటి లోతులు, రాతి దిబ్బలు, ఇసుక మేటలు, దీపస్తంభాలు, బోయలు గుర్తించి ఉన్న పటాన్ని నావికులు చార్టు అంటారు. తెర మీద కనిపించేలా మలిచినదే ఎలక్ట్రానిక్ చార్టు. పెద్ద వాణిజ్య ఓడలు ప్రభుత్వ జలమాపన సంస్థలు విడుదల చేసే అధికారిక చార్టులనే వాడాలన్నది అంతర్జాతీయ నిబంధన. విహారానికి, సరదాగా చేపలు పట్టడానికి సొంత పడవ నడుపుకునేవారికి సాధారణంగా ఆ నిర్బంధం లేదు. వారిలో ఎక్కువమంది పడవ ఉన్న చోటును చార్టు మీద చూపే చార్ట్‌ప్లాటర్‌లోనో ఫోన్‌లోనో ప్రైవేటు కంపెనీల చార్టులు వాడతారు. ప్రభుత్వాలు చేయించిన సర్వేలే వాటికి ప్రధానమైన ముడిసరుకు. భారత తీరాన్నే తీసుకుంటే, విశాఖపట్నం, కాకినాడ రేవులతో సహా అధికారిక చార్టులను దెహ్రాదూన్‌లోని జాతీయ జలమాపన కార్యాలయం తయారు చేస్తుంది.

ప్రైవేటు ఎలక్ట్రానిక్ చార్టుల వ్యాపారం ఇటలీలో మొదలైంది. 1984లో జుసెప్పె కార్నెవాలి, ఫోస్కో బియాంకెట్టి నావియానిక్స్ సంస్థను స్థాపించి జియోనావ్ అనే చార్ట్‌ప్లాటర్‌ను తెచ్చారు. మరుసటి ఏడాది బియాంకెట్టి విడిపోయి సి-మ్యాప్ పెట్టారు. ఒకే ఇంట్లో పుట్టిన ఈ రెండు సంస్థలే ఆ తర్వాత మూడు దశాబ్దాలు ప్రపంచ మార్కెట్లో ప్రధాన ప్రత్యర్థులు. పరికరాలు చేసే కంపెనీలు అప్పట్లో ఎక్కువగా వేరే ఉండేవి. స్టాండర్డ్ హొరైజన్ పరికరంలో సి-మ్యాప్ చార్టుల కార్డు, రేమెరీన్ పరికరంలో నావియానిక్స్ కార్డు పెట్టుకునేవారు. గార్మిన్ మాత్రం బ్లూచార్ట్ పేరుతో సొంత చార్టులు అమ్మేది. పరికరం, చార్టు వేర్వేరు చేతుల్లో ఉండటం పడవవారికి మేలే చేసింది. ఎన్ని తయారీ సంస్థల పెట్టెల్లో తమ కార్డు పనిచేస్తే చార్టు కంపెనీకి అంత లాభం కాబట్టి అవి అందరితోనూ సఖ్యంగా ఉండేవి.

ఆ పరిస్థితి మెల్లగా మారింది. 2007 నాటికి సి-మ్యాప్, బోయింగ్ అనుబంధ సంస్థ జెప్పెసెన్ చేతికి వచ్చింది. విమానాల చార్టులకు పేరుపొందిన సంస్థ అది. 2016లో బోయింగ్ సి-మ్యాప్ ఉన్న సముద్ర విభాగాన్ని ఆల్టర్ అనే నార్డిక్ పెట్టుబడి సంస్థకు అమ్మింది. లౌరెన్స్, సిమ్రాడ్, బి అండ్ జి పరికరాలు చేసే నావికో అప్పటికే ఆల్టర్ యాజమాన్యంలో ఉంది. 2017లో గార్మిన్ నావియానిక్స్‌ను కొనేసింది. నాలుగేళ్లకు మెర్క్యురీ ఇంజన్లు, రకరకాల పడవలు తయారుచేసే బ్రన్స్‌విక్ 105 కోట్ల డాలర్లకు నావికోను తీసుకుంది. నావికోతో పాటు సి-మ్యాప్ కూడా ఆ గూటికే చేరింది. పడవ, ఇంజను, తెర, చార్టు అన్నీ ఒకే యజమానివి కావడం విహార పడవల రంగంలో పెద్ద మలుపు.

వెంటనే ఇబ్బంది పడింది సొంత చార్టులు లేని పరికరాల తయారీదారులు. గార్మిన్ నావియానిక్స్ పేరును కొనసాగించినా, రేమెరీన్ వంటి సంస్థకు తన వినియోగదారులు వాడే చార్టు ప్రత్యర్థి సొత్తయింది. రేమెరీన్ ఆ తర్వాత లైట్‌హౌస్ పేరుతో సొంత చార్టులు తెచ్చింది. పడవవారి వైపు నుంచి చూస్తే, ఒకసారి కొని ఏళ్ల తరబడి వాడుకునే కార్డు స్థానంలో ఏటా కట్టే చందా బలపడింది. ఈ మార్పు ఫోన్ యాప్‌లతో ముందే మొదలైంది కాబట్టి విలీనాలే దీనికి ఏకైక కారణం కాదు. అయితే చందా నచ్చనివారు మారడానికి మిగిలిన దుకాణాలు తగ్గాయి.

ఇంతకన్నా తీవ్రమైనది లోతుల సమాచారం సంగతి. నావియానిక్స్ సోనార్‌చార్ట్, నావికో ఇన్‌సైట్ జెనెసిస్ వంటి పథకాల కింద వేలాది పడవవారు తమ సోనార్ నమోదులను కంపెనీలకు పంపారు. ప్రభుత్వ సర్వే ఎప్పుడో పాతబడిన కయ్యలు, అసలు సర్వే చేరని చెరువులు ఆ శ్రమతోనే స్పష్టమైన పటాలయ్యాయి. కంపెనీ చేతులు మారినప్పుడు ఈ భాండారం కూడా చేతులు మారింది. పంపినవారికి అందులో మాట లేదు. లంగరు చోట్లు, మరీనాల గురించి పడవవారే రాసుకున్న యాక్టివ్ క్యాప్టెన్ అనే సమాచార నిధిని కూడా 2017లోనే గార్మిన్ కొనుగోలు చేసింది. సమిష్టిగా పోగుచేసినది ప్రైవేటు ఆస్తిగా మారడం ఈ చరిత్రలో అన్నిటికన్నా అన్యాయమైన భాగం.

మూలాలు తగ్గితే ఒక లోపం చాలా తెరల మీద ఒకేసారి కనిపించే ప్రమాదమూ ఉంది. చార్టులో లోపం ఎంత చేటో చూపే ఉదాహరణ ఒకటుంది: 2014 నవంబర్ 29న వోల్వో ఓషన్ రేస్ అనే తెరచాప పడవల పందెంలో వెస్టాస్ విండ్ పడవ మారిషస్‌కు ఈశాన్యాన కార్గాడోస్ కారాజోస్ దిబ్బలను ఢీకొంది. తొమ్మిది మందీ బతికి బయటపడ్డారు. తెరను దగ్గరికి జరిపి చూడనప్పుడు ఆ దిబ్బల ప్రమాదం చార్టులో తగినట్టు కనిపించలేదని విచారణలో తేలింది. సిబ్బంది పొరపాటూ ఉంది. కానీ వెడల్పు దృశ్యంలో ఏది చూపాలి, ఏది దాచాలి అన్న నిర్ణయం మొదట ప్రచురణకర్తది.

విలీనాల బరువు అన్ని దేశాల్లో ఒకేలా పడలేదు. అమెరికాలో ప్రభుత్వ సంస్థ నోవా తన చార్టుల సమాచారాన్ని ఉచితంగా ఇస్తుంది. న్యూజిలాండ్‌దీ అదే దారి. అందుకే అక్కడ ఓపెన్‌సీపీఎన్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, ఆక్వా మ్యాప్ వంటి చిన్న యాప్‌లు నిలబడగలిగాయి. బ్రిటన్ జలమాపన కార్యాలయం సమాచారానికి లైసెన్సు రుసుము తీసుకుంటుంది, కొత్తవారికి ప్రవేశం అక్కడ ఖరీదు. కాగితపు ప్రత్యామ్నాయమూ కుంచించుకుపోతోంది. నోవా 2014లో సొంత ముద్రణ ఆపి, 2025 జనవరి నాటికి సంప్రదాయ చార్టులను పూర్తిగా విరమించింది. 2026 చివరికల్లా కాగితం ఆపేస్తామన్న బ్రిటన్ ఆ గడువును కనీసం 2030కి జరిపింది.

ఓడల ఎలక్ట్రానిక్ చార్టుల కోసం ఎస్-101 అనే కొత్త ప్రమాణం వచ్చింది. 2026 జనవరి 1 నుంచి దాన్ని వాడవచ్చు. 2029 నుంచి కొత్తగా అమర్చే వ్యవస్థలన్నీ దానికి సిద్ధంగా ఉండాలి. చిన్న పడవలకు అలాంటి గడువేదీ లేదు. వాటి తెరల మీదికి అది ఎప్పుడు, ఏ ధరకు వస్తుందన్నది చాలావరకు గార్మిన్, బ్రన్స్‌విక్ వంటి సంస్థల చేతుల్లోనే ఉంది.